బోరులో నల్లపొడి వచ్చింది: హైదరాబాద్ కింద బొగ్గు, పెట్రోలు ఉండే చాన్స్ ఉందా?

బోడుప్పల్_బాబు
అందరికీ నమస్తే. పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో కొత్త బోరు వేయించాం. 390 అడుగుల దాకా బూడిదరంగు పొడి వచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా నల్లపొడి మొదలైంది. బోరు బండి మేస్త్రీ "సార్, బొగ్గు తగిలింది, మీ దశ తిరిగింది" అని నవ్వాడు. ఆయన జోకేశాడు, మా వాట్సాప్ గ్రూపు సీరియస్‌గా తీసుకుంది. దానికి తోడు, బకెట్లో పట్టిన నీళ్లు రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి పైన రంగురంగుల పొర తేలుతోంది. మా సెక్రటరీ గారు "సింగరేణిలో బొగ్గు, కోనసీమలో గ్యాస్, మధ్యలో మనకెందుకు ఉండకూడదు?" అంటున్నారు. తెలియకే అడుగుతున్నాను. ఎందుకు ఉండకూడదు?

రాతిసుత్తి
ఉండదండీ. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. లోపలి శిలాద్రవం పైకి రాకుండా అడుగునే నిదానంగా గడ్డకట్టిన రాయి. అందులో చెట్టూ పుట్టా ఇరుక్కునే వీలే లేదు, అసలు అప్పటికి భూమ్మీద చెట్లే లేవు. బొగ్గుకైనా చమురుకైనా నదులో సముద్రమో పొరలు పొరలుగా పరిచిన ఇసుక, బురద కావాలి. మౌలాలి గుట్ట, గోల్కొండ, జూబ్లీహిల్స్‌లో పగలగొట్టగా మిగిలిన బండలు, అన్నీ ఆ గ్రానైటు కుటుంబమే.

మీ నల్లపొడి డోలరైట్ అనే నల్లరాయిది అయ్యుంటుంది. గ్రానైటు పగుళ్లలోకి తర్వాతి కాలంలో వేరే శిలాద్రవం చొచ్చుకొచ్చి నిలువు గోడల్లా గట్టిపడింది. వాటిని డైకులు అంటాం. మన ఊరి చుట్టూ బోలెడు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బోరు చుట్టూ పడిన వాటిలో కాస్త పెద్ద ముక్క ఏరండి. అరచేతిలో బరువు చూడండి. బొగ్గయితే అదే సైజు డోలరైట్‌లో సగం బరువే ఉంటుంది. తర్వాత బాగా ఎండబెట్టి, పట్టకారుతో స్టవ్ మంట మీద పెట్టండి. ముఖానికి దూరంగా పెట్టండి, తడి రాయి చిట్లుతుంది. బొగ్గయితే అంచులు ఎర్రబడి పొగ, వాసన వస్తాయి. డోలరైట్ అయితే వేడెక్కి ఊరుకుంటుంది.

నీళ్ల మీద పొర సంగతి: పుల్లతో దాన్ని కదపండి. పెంకుల్లా విరిగి ముక్కలు విడివిడిగా ఉండిపోతే అది ఇనుము తినే బాక్టీరియా చేసే పొర. విడిపోయిన వెంటనే మళ్లీ కలిసిపోతే నూనె. అప్పుడు మాత్రం దగ్గర్లో పెట్రోలు బంకు, మెకానిక్ షెడ్డు ఏమైనా ఉన్నాయేమో చూసి, నీళ్లు ల్యాబ్‌కి పంపాలి. భూగర్భంలో చమురు ఉందని కాదు, ట్యాంకు కారుతోందని.

లోగుట్టు_పెరుమాళ్
ఇలాంటివి బయటికి రానివ్వరు బ్రదర్. తెలంగాణ కింద చమురు ఉందని ఎప్పుడో తెలుసు, కావాలనే దాచారు. లేకపోతే హైదరాబాద్‌లో ఇన్ని జియాలజీ ఆఫీసులు ఎందుకు పెట్టారు?

పీజీ_సీటు
ఈ లాజిక్ ప్రకారం ఉప్పల్‌లో భూకంపాలు పరిశీలించే ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది కాబట్టి ఉప్పల్ కింద భూకంపాల ఫ్యాక్టరీ ఉండాలి 😄
(ఓయూలో ఎమ్మెస్సీ జియాలజీ చేస్తున్నాను. బండ్లగూడలో జీఎస్‌ఐ, అంటే భారత భూగర్భ సర్వే సంస్థ, దక్షిణ ప్రాంత కార్యాలయం, బేగంపేటలో అణుఖనిజాల డైరెక్టరేట్, ఉప్పల్‌లో 1961లో పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ, రెడ్‌హిల్స్‌లో సింగరేణి భవన్. ఆఫీసులు రాజధాని కాబట్టి ఉన్నాయి, కింది రాయిలో ఏదో ఉందని కాదు.)

ఖని_పిల్లగాడు
బొగ్గు ముచ్చట వచ్చింది కాబట్టి గోదావరిఖని నుంచి ఒకడు మాట్లాడాలె. మా బాపు ఫిల్లర్, అంటే గనిల బొగ్గు ఎత్తేటోడు. తట్ట, చెమ్మాస్ పట్టి టబ్బులు నింపిన తరం. 1871లో జీఎస్‌ఐకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తుపట్టాడు. ఆయన పేరు మీదనే కొత్తగూడెం వైపు ఒక పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అంటరు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది, 1889 నుంచి తవ్వకం. సింగరేణి కాలరీస్ పేరు 1920 డిసెంబర్ 23న వచ్చింది. మాకు ఆ రోజు సింగరేణి డే, పండుగే.

మా ఇంట్ల టీవీ పక్కన ఒక నల్లరాయి పలక ఉంటది. బాపు ఇంక్లైన్‌లో (వాలుగా దిగే గనిల) రూఫ్ నుంచి రాలిందని తెచ్చిండు. మీద ఆకు అచ్చు. మధ్య ఈనె, దాని నుంచి వలలాగా చిన్న ఈనెలు. చిన్నప్పుడు మామిడాకు అనుకునేటోళ్లం. కరెంట్ బిల్లుల మీద బరువుకు పెట్టేది అమ్మ.

రాతిసుత్తి
తమ్ముడూ, ఆ పలక జాగ్రత్త. వలలాంటి ఈనెలు అంటున్నావంటే గ్లోసాప్టెరిస్ అనే పాతకాలపు చెట్టు ఆకు అయ్యుంటుంది. ఫోటో పెట్టు. అవే సింగరేణి బొగ్గుకి ముడిసరుకు. పెర్మియన్ యుగం, ఇప్పటికి 27–29 కోట్ల ఏళ్లు. అప్పుడు మనం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా అన్నీ గోండ్వానా అనే ఒకే ఖండం, మన చోటు దక్షిణ ధ్రువానికి దగ్గర. బొగ్గు పొరల కింద తాల్చేర్ అనే పొరలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన గుండ్రాళ్లు కనిపిస్తాయి. మంచు కరిగాక చిత్తడి అడవులు. ఆ అడవులు తాల్చేర్ పైనున్న బరాకర్ అనే పొరల్లో బొగ్గయ్యాయి.

బాబు గారి సెక్రటరీకి అసలు జవాబు ఇక్కడుంది. ఈ బొగ్గు ఎక్కడ పడితే అక్కడ లేదు. ప్రాణహిత–గోదావరి లోయ అనేది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే పొడవాటి కుంగుబాటు. రెండు పక్కలా పాత గట్టి రాయి, మధ్యలో నేల చీలి దిగిపోయింది. దిగిన కొద్దీ నది నింపింది, నింపిన కొద్దీ ఇంకా దిగింది. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, సత్తుపల్లి పటంలో వరసగా కలపండి, ఆ లోయ గీత వచ్చేస్తుంది. మనం ఆ గీతకి బాగా పడమర, గట్టు మీద ఉన్నాం.

పీజీ_సీటు
సార్, సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువెందుకు? మా ల్యాబ్‌లో కాలిస్తే మూసలో మూడో వంతు మిగిలిపోతోంది.

రాతిసుత్తి
చెట్లు పెరిగినచోటే పూడిపోయి ఉంటే బొగ్గు శుభ్రంగా ఉండేది. మన గోండ్వానా బొగ్గులో చాలా భాగం వరదలు కొట్టుకొచ్చిన చెత్త, దాంతోపాటే ఒండ్రు. ఆ మట్టి బొగ్గు ముక్కల మధ్యన కాదు, ముక్క లోపలే సన్నగా కలిసిపోయింది. అందుకే కడిగినా పూర్తిగా పోదు. గంధకం మాత్రం తక్కువ, అది మన అదృష్టం.

ఖని_పిల్లగాడు
కాలిస్తే వచ్చే వేడిని బట్టి బొగ్గుకు గ్రేడు ఇస్తరు, ఆ లెక్క తెలియని వాళ్లకు: కిలోకి 7000 కిలోకేలరీలు దాటితే జీ1, అక్కడి నుంచి 300 తగ్గినప్పుడల్లా ఒక మెట్టు కిందికి. జీ10 అంటే 4301–4600. శాంపిల్ దగ్గర ఒక మెట్టు కిందికి జారితే ధర తగ్గుతది, అమ్మేటోళ్లకు కొనేటోళ్లకు లొల్లి అక్కడనే. 2023-24లో కంపెనీ తీసింది 7 కోట్ల టన్నులు, దాంట్ల ఎక్కువ భాగం ఓసీల (పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల) నుంచే. అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటి మూతపడుతున్నయి. ఓసీ అంటే ముందు ఊరు పోతది, తర్వాత ఓబీ (బొగ్గు మీద నుంచి తీసి పోసే) మట్టి గుట్టయితది. నేను లెక్కలు చెప్తున్న గాని మా దోస్తుల ఊర్లు రెండు ఇప్పుడు పటంల లేవు.

కోనసీమ_అక్క
బొగ్గు వాళ్లకి ఊళ్లు పోతే మాకు నిద్ర పోయింది. నేను అమలాపురం దగ్గర పుట్టాను, ఇప్పుడు కూకట్‌పల్లి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి అంటుకుంది. 65 రోజులు మండింది, మార్చి 15 దాకా. మా డాబా మీద రాత్రిపూట పేపర్ చదవగలిగేంత వెలుతురు. వెలుతురు కన్నా ఆ చప్పుడు గుర్తు, ఎంతకీ ఆగని హోరు. కిటికీ రెక్కలు వణికేవి. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు, మా పెద్దమ్మ వాళ్లు పాడి గేదెతో సహా మా ఇంటికొచ్చి దిగారు. ఆర్పడానికి అమెరికా నుంచి మనుషుల్ని తెప్పించారు.

నాకు ఎప్పటినుంచో ఒక డౌట్. మాకు కొబ్బరిచెట్టు వేసినా నాలుగడుగుల్లో నీళ్లు పడతాయి, అంతా ఒండ్రు. అంత మెత్తటి నేల కింద ఆ గ్యాస్ ఎక్కణ్నుంచి వచ్చింది?

డ్రిల్_బిట్
నాకు పని పెట్టారు అక్కా. నేను మడ్ లాగర్‌ని, అంటే బావి తవ్వేటప్పుడు పైకొచ్చే రాతిపొడి, గ్యాస్ చూసేవాణ్ని; రిగ్గు మీద పద్నాలుగు రోజులు, అల్వాల్‌లో పద్నాలుగు రోజులు.

మీ మెత్తటి నేల కింద కిలోమీటర్ల మందాన పొరలున్నాయి. కేజీ (కృష్ణా–గోదావరి) బేసిన్, అంటే ఆ పొరలు పేరుకున్న పల్లం, పుట్టింది మనం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. విడిపోయిన అంచు కుంగుతూ పోయింది, కృష్ణా గోదావరులు నింపుతూ పోయాయి. పైవైపు పొరల్లో సముద్రపు బురద నుంచి వచ్చిన చమురు, గ్యాస్. మీ పాశర్లపూడి గ్యాస్ ఉన్న ఇసుకరాయి ఈయోసీన్ కాలానిది, అంటే ఆ విడిపోవడం జరిగిన చాలా కాలానికి. నరసాపురంలో ఓఎన్‌జీసీ మొదటి బావికి 1978లో గ్యాస్ తగిలినప్పటి నుంచి ఈ వేట నడుస్తోంది.

కానీ మండపేట గ్యాస్ కథ వేరు. అక్కడ అడుగున కొమ్ముగూడెం ఫార్మేషన్ అనే పొరల వరస ఉంది. పెర్మియన్ నాటి బొగ్గు, షేల్ (గట్టిపడిన బురదరాయి) కలగలిసిన పొరలు. అంటే ఖని తమ్ముడి ఇంట్లో టీవీ పక్కనున్న ఆకు కాలానివే. ఆ ప్రాణహిత–గోదావరి లోయే సత్తుపల్లి దాటి చింతలపూడి మీదుగా వెళ్లి డెల్టా కిందికి దూరిపోయింది. పైన రామగుండంలో అదే బొగ్గు తట్టతో ఎత్తుకునే లోతులో ఉంది. కింద మండపేట వైపు మూడు నాలుగు కిలోమీటర్ల అడుగున హలీం బట్టీలా సన్నసెగ మీద కోట్ల ఏళ్లు ఉడికి, గ్యాస్ వదిలింది. ఆ గ్యాస్ పైనున్న మండపేట ఇసుకరాయిలోకి ఎక్కి, దాని మీది ఎర్రమట్టి పొరల కింద ఇరుక్కుంది.

ఆ పొరలోకి డ్రిల్ దిగుతుంటే క్యాబిన్‌లో తెలిసిపోతుంది. బొగ్గు మెత్తన కాబట్టి బిట్ గబగబా దిగుతుంది, కాసేపటికి గ్యాస్ గ్రాఫ్ నిటారుగా లేస్తుంది. కాసేపు అంటే నాలుగు వేల మీటర్ల అడుగు నుంచి రాతిపొడి, బావిలో తిప్పే బురదనీటితో (దాన్నే మడ్ అంటాం) పాటు పైకి రావడానికి గంట పైనే. జల్లెడ మీద కడిగి చూస్తే బూడిదరంగు ఇసుక మధ్యలో నల్లగా మెరిసే పలుకులు. ఇసుకరాయి వచ్చినప్పుడు యూవీ బాక్సులో పెడతాం, నూనె ఉంటే రేణువులు పసుపుగా వెలుగుతాయి. ఆ పసుపు కనపడిన రోజు కంపెనీ జియాలజిస్టు క్యాబిన్ వదిలి పోడు, మాకు టీ కూడా ఆయనే పోస్తాడు.

కోనసీమ_అక్క
మరి పేలడం?

డ్రిల్_బిట్
బావి నిండా ఉండే మడ్ బరువు, లోపలి గ్యాస్ ఒత్తిడి కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువైతే గ్యాస్ లోపలికి దూరి పైకి తన్నుకొస్తుంది, దాన్ని కిక్ అంటాం. ఆ క్షణంలో పైన బీవోపీ (బావి మూతి బిగించే పెద్ద వాల్వు) మూసి, బరువైన మడ్ దించాలి. మడ్ మరీ బరువైతే రాయి పగిలి మడ్ అంతా అందులోకి పోతుంది, అప్పుడూ ప్రమాదమే. కేజీలో కొన్ని చోట్ల లోపలి ఒత్తిడి మామూలు కన్నా చాలా ఎక్కువ, మడ్ బరువుకి ఆ రెండు హద్దుల మధ్య సందు సన్నగా ఉంటుంది. అక్కడ షిఫ్ట్ అంటే నాకైతే ఇప్పటికీ టెన్షనే.

బోడుప్పల్_బాబు
అప్‌డేట్. ముక్క బరువుగానే ఉంది, మంట మీద పెడితే ఏమీ కాలేదు. పొర పుల్లతో కదిపితే పెంకుల్లా విరిగింది. గ్రూపులో పెట్టాను. సెక్రటరీ గారు "స్టవ్ పరీక్ష సైంటిఫిక్ కాదు" అన్నారు.

రాతిసుత్తి
ఆయనకి ముక్క ఇచ్చి బండ్లగూడ పంపించండి 🙂 ఇనుము ఎక్కువున్న నీళ్లు కాబట్టి ఫిల్టర్ ఆలోచించుకోండి. ఆ పని మాత్రం వాయిదా వేయొద్దు.

లోగుట్టు_పెరుమాళ్
సరే హైదరాబాద్ వదిలేయండి. కేజీలో 20 టీసీఎఫ్ (20 లక్షల కోట్ల ఘనపు అడుగులు) గ్యాస్ ఉందన్నారు, దేశం దశ మారిపోతుందన్నారు. ఏది? ఎవరు తిన్నారు?

డ్రిల్_బిట్
ఈసారి మీ ప్రశ్న బాగుంది. 20 టీసీఎఫ్ అన్నది 2005లో గుజరాత్ రాష్ట్ర కంపెనీకి తవ్వకానికి ఇచ్చిన బ్లాకు గురించి చేసిన ప్రకటన. తర్వాత ఆ అంకె బాగా పడిపోయింది, 2017లో అందులో 80 శాతం వాటా ఓఎన్‌జీసీ కొనుక్కుంది. రిలయన్స్ డీ6 అనే సముద్రపు బ్లాకు వేరు. 2002లో కనుగొన్నారు, 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది, 2010లో రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్లు దాటి, ఆ తర్వాత జారిపోయింది. 10 టీసీఎఫ్ అన్న అంచనా 3 దగ్గరికి వచ్చింది. తగినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, రాయి అనుకున్నట్టు లేదని కంపెనీ. ఏళ్ల తరబడి ఆర్బిట్రేషన్. ఎవరు తిన్నారన్నది నా పరిధి కాదు, రాయి సంగతి చెబుతాను.

డీ6 ఇసుక లోతు సముద్రం అడుగున నదుల్లా పారిన కాలువల్లో పేరుకున్నది. సీస్మిక్‌లో (నేలలోకి శబ్ద తరంగాలు పంపి గీసే చిత్రంలో) కాలువ మెలికలు అందంగా కనిపిస్తాయి. కానీ ఒక కాలువకీ పక్క కాలువకీ లోపల లంకె ఉందో లేదో గ్యాస్ తీస్తేగానీ తెలియదు. లంకె లేకపోతే ఒక బావి తన చుట్టూ ఉన్నది పీల్చేసి ఆగిపోతుంది. పైగా నీళ్లు, ఇసుక బావుల్లోకి వచ్చేశాయి.

రాతిసుత్తి
దీనికి ఒక మాట కలుపుతాను. లోపల ఉన్న గ్యాస్ ఒక అంకె, అందులో పైకి తీయగలిగింది ఇంకో అంకె. పత్రికలు మొదటిది వేస్తాయి, పవర్ ప్లాంట్లు రెండో దాన్ని నమ్ముకుని కట్టాలి. మన దగ్గర మొదటి అంకె చూసి కట్టారు. గ్యాస్ రాక రెండు రాష్ట్రాల్లో వేల మెగావాట్ల ప్లాంట్లు పడకేశాయి. జియాలజిస్టుగా నా కోపం భూమి మీద కాదు, ప్రెస్ మీట్ల మీద.

ఖని_పిల్లగాడు
ఆ లోటు పూడ్చింది మా బొగ్గే అన్న. ఇంకోటి, బొగ్గు మీద 14 శాతం రాయల్టీ రాష్ట్రానికి వస్తది. సముద్రంల గ్యాస్ మీద ఆంధ్రాకు ఏం రాదంట, నిజమేనా?

కోనసీమ_అక్క
నేల మీద బావులకి రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది, సముద్రంలోవి కేంద్రానికి పోతాయి. పైపులు మాత్రం మా కొబ్బరితోటల కింద నుంచే. 2014 జూన్‌లో నగరం ఊళ్లో పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. అందుకే "మీకేంటి, కాళ్ల కింద నిధి" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మోడరేటర్
రాయల్టీ వాటాల చర్చకి వేరే థ్రెడ్ ఉంది, రాజకీయం అక్కడ. ఇక్కడ రాళ్లు.

పీజీ_సీటు
రాళ్ల ప్రశ్నే సార్. ప్రాణహిత–గోదావరి లోయలో, అంటే తెలంగాణ వైపు, బొగ్గు ఉన్నప్పుడు మండపేటలా గ్యాస్ ఎందుకు దొరకలేదు? దేశంలో 26 అవక్షేప బేసిన్లని గ్రేడ్ చేస్తే కేజీ మొదటి కేటగిరీ, మనది మూడోది.

రాతిసుత్తి
మూడోది అంటే లేదని కాదు, తేలలేదని. మూడు కావాలి: ఉడికిన బొగ్గో షేలో, గ్యాస్ నిలవడానికి ఇసుకరాయి, పైన మూత. ఇసుకరాయికి మన లోయలో కొదవ లేదు, కామ్తి ఇసుకరాయి వందల మీటర్లు. మూతే బలహీనం. తవ్వే లోతులో బొగ్గు సరిగా ఉడకనూ లేదు.

వేడి లేదని మాత్రం అనుకోకు. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్ల నుంచి వేడినీళ్లు వాటంతటవే ఉబికి వచ్చాయి. ఆ నీళ్లతో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న జియోథర్మల్ ప్లాంటు కూడా పెట్టింది. లోయ అంచుల చీలికలు ఇప్పటికీ పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 భూకంపం వచ్చింది ఆ పట్టీలోనే. నీ డిసర్టేషన్‌కి గ్యాస్ కన్నా ఈ వేడి మంచి సబ్జెక్టు, నా మాట విను.

పీజీ_సీటు
మా గైడ్ గ్యాస్ హైడ్రేట్స్ (సముద్రం అడుగున గ్యాస్ ఇరుక్కున్న మంచు) అంటున్నారు.

డ్రిల్_బిట్
అదీ మంచిదే, ఉద్యోగం మాత్రం లేటవుతుంది 😄 2006లో జాయిడెస్ రెజల్యూషన్ ఓడ కేజీ సముద్రంలో కోర్ (అడుగు నుంచి గొట్టంలో తీసే నమూనా) తీస్తే పగుళ్ల బురదలో 128 మీటర్ల మందాన హైడ్రేట్ తేలింది. 2015లో జపాన్ ఓడ చిక్యూ వచ్చింది, ఇసుకలో కూడా దొరికింది. చల్లదనం, ఒత్తిడి రెండూ ఉన్నంతవరకే అది మంచుగడ్డ, పైకి తెస్తే గ్యాసై పోతుంది. వ్యాపారంగా తీయడం ఇంకా ఎవరికీ కుదరలేదు. సీస్మిక్ డేటా మీద పనంటే ఎన్‌జీఆర్‌ఐ నీకు బస్సు దూరం.

ఖని_పిల్లగాడు
పలక ఫోటో పెట్టిన, చూడుర్రి. పెద్దసార్, ఇది మ్యూజియంకి ఇయ్యాల్నా?

రాతిసుత్తి
చూశాను, గ్లోసాప్టెరిసే. ఇస్తావా ఉంచుకుంటావా నీ ఇష్టం, కానీ వెనకాల ఏ ఇంక్లైన్, ఏ సీమ్ అన్నది బాపుని అడిగి రాయించు. ఊరు పేరు లేని శిలాజం సగం విలువే.

హైదరాబాద్ వస్తే బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూడు. మీ వైపుదే, యామన్‌పల్లి దగ్గర కోటా ఫార్మేషన్‌లో దొరికింది. 1988లో జీఎస్‌ఐకి చెందిన యాదగిరి గారు దానికి పేరు పెట్టారు. మీ బొగ్గు పొరల కన్నా చాలా పైన, జురాసిక్ కాలం పొర. ఆ సెంటర్ ఉన్న నౌబత్ పహాడ్ గుట్ట గ్రానైటు మీద గోదావరి లోయ జంతువుని నిలబెట్టారు. పిల్లలు దాని కాళ్ల దగ్గర సెల్ఫీలు దిగుతుంటారు, ఎక్కడిదో రాసిన బోర్డు ఒక్కరూ చదవరు.

కోనసీమ_అక్క
వచ్చే నెల ఊరెళ్తున్నా. దారిలో పిల్లలకి చూపించదగ్గ రాయి ఏదైనా ఉందా? డైనోసార్ కాకుండా.

రాతిసుత్తి
రాజమండ్రి దగ్గర గోదావరికి అటు కాటేరు, ఇటు పంగిడి, గౌరీపట్నం. అక్కడి నల్లరాయి దక్కన్ పీఠభూమిని కప్పిన దక్కన్ ట్రాప్స్ లావా, 6.5 కోట్ల ఏళ్లది. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందని లెక్కలు. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, అందులో గవ్వలు. అదే లావా మీ కోనసీమ కింద కిలోమీటర్ల లోతులో ఉంది, రాజోలు పేరుతో. అవన్నీ నడుస్తున్న క్వారీలు, టిప్పర్లు ఆగవు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ టైము అడిగి, ఆఫీసులో పర్మిషన్ తీసుకుని, పిల్లలకి చెప్పులు కాదు బూట్లు వేసి తీసుకెళ్లండి.